సగం సిలిండర్ గాలి ఎటు పోయింది?

మెట్ల మీద చప్పుడు విని ముగ్గురు వస్తున్నారనుకుని మరిది మూడు గ్లాసుల మంచినీళ్లు తెచ్చాడు. వచ్చింది ఒక్కతే. మూడు గ్లాసులూ తనే తాగింది. తాగి, గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దోపి, ఆయాసపడుతూ కూర్చుంది.

డిటెక్టివ్ గారు తొందరపెట్టలేదు. ఆమె ఇరవై రెండేళ్లు ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకుంది. పగిలిన గాజుముక్కలు చూసి, ఆ బీకరు ఎవరి చేతిలోంచి, ఎంత ఎత్తునుంచి పడిందో, దాని గురించి ఏ అబద్ధం రాబోతోందో ముందే చెప్పేసేది. రిటైరయ్యాక అదే పని ఊరి కోసం చేస్తోంది. ఆమెకి అసిస్టెంటు సొంత మరిది. అతను పదిమందిలో "వదినా, వదినా" అని పిలిచి పిలిచి ఊరందరికీ అదే అలవాటు చేశాడు. ఇప్పుడు పోలీసులకీ, దొంగలకీ, పక్కింటి ఎనభై ఏళ్ల పెద్దాయనకీ కూడా ఆమె వదినే. ఆమె భర్త ఓసారి పొరపాటున అలాగే పిలిచి రెండు రోజులు హోటల్లో తిన్నాడు.

"నాకు ఇవాళ సాయంత్రం నాలుగు వరకే టైముంది వదినా," అంది వచ్చినావిడ.

"నాలుగు తర్వాత?"

"ఉద్యోగం ఉండదు. అది పోతే పోయింది. తమ్ముడు కూడా ఉండడు."

మరిది నోటుబుక్కు తెరిచాడు. "అయ్యో, ఏమైందండీ ఆయనకి?"

"ఏం కాలేదు. బతికే ఉన్నాడు. నాతో మాట్లాడటం మానేశాడు."

రేవు పక్కన పడవలు బాగుచేసే షెడ్డు ఒకటుంది. నీళ్లలోకి దిగి పనిచేసే గజఈతగాళ్లు వీపుకి కట్టుకునే సిలిండర్లలో గాలి నింపడం అక్కడ ఆవిడ పని. పద్దెనిమిదేళ్లుగా అదే పని. అందుకే రేవంతా ఆవిడని గాలక్క అంటారు. ఆ సిలిండర్లు కట్టుకుని దిగేవాళ్లలో ఒకడు ఆవిడ తమ్ముడు.

"నిన్న పొద్దున ఎనిమిదింటికి దిగాడు. ముప్పై అడుగుల లోతున లంగరు రాళ్లలో ఇరుక్కుందట. వాడికి ఒక సిలిండర్ నలభై నిమిషాలు వస్తుంది. నిన్న ఇరవై నిమిషాలకే అయిపోయింది. పైకి ఎలా వచ్చాడో వాడికే తెలీదు. పడవలోకి లాగాక పది నిమిషాలు దగ్గాడట. నేను పరిగెత్తుకెళ్లేసరికి ఒడ్డున కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఒక్క మాట అన్నాడు."

"ఏమని?"

"'నువ్వు కట్టిన ట్యాగ్ చూసి దిగానక్కా' అని. అంతే. తిట్టినా బాగుండేది వదినా. కొట్టినా బాగుండేది."

ఓనరు మాత్రం అనాల్సినవన్నీ అన్నాడు. సగమే నింపి నిండుగా ఉన్నట్టు రాసిందన్నాడు. సాయంత్రం నాలుగింటికి ఆ మాటే లెటర్ మీద రాసి ఇస్తానన్నాడు. ఆ లెటర్ వెంట ఉంటే ఇక ఏ రేవులోనూ గాలి నింపే కంప్రెసర్ మీద చెయ్యి వెయ్యనివ్వరు.

వదిన ముందుకు వంగింది. "మీరు ఎంత నింపారు?"

"రెండు వందలు. ఒత్తిడి చూపించే గేజ్ మీద చూసే రాశాను."

"వేడి మీద చూశారా, చల్లారాకా?"

గాలక్క తలెత్తింది. నిన్నటినుంచి ఆవిడని అందరూ అన్నీ అడిగారు గానీ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"చల్లారాకే. గాలిని కుదించి లోపలికి తోస్తుంటే సిలిండర్ కాలిపోతుంది కదా. వేడి మీద గేజ్ రెండు వందలు చూపిస్తుంది, చల్లారితే దిగిపోతుంది. అందుకని నీళ్ల తొట్టిలో నిలబెట్టి నెమ్మదిగా నింపుతాను. చల్లారాక మళ్లీ చూసి, తగ్గినంతా నింపి, అప్పుడు సిలిండర్ నంబరూ ఒత్తిడీ రాసి ట్యాగ్ కడతాను. మొన్న సాయంత్రం ఆరింటికి కట్టాను."

వదిన మరిది వైపు తిరిగింది. "విన్నావా? ఇదే ముక్క చెప్పడానికి కాలేజీలో నాకు రెండు టర్ములు పట్టేది. పద, చెప్పులేసుకో."

*

షెడ్డు పొడుగ్గా, చీకటిగా, తుప్పు వాసనతో ఉంది. ఒక గోడకి కంప్రెసర్, దాని పక్కన మనిషి దిగి స్నానం చేసేంత నీళ్ల తొట్టి. ఎదురుగా నింపిన సిలిండర్లు వరసగా నిలబెట్టే చెక్క స్టాండు. తలుపు పక్కన మేకులు కొట్టిన పలక. దిగబోయే మనిషి సిలిండర్ మెడకి కట్టిన కాగితం ట్యాగ్ విప్పి ఆ పలకకి తగిలించి వెళ్లాలి. పైకొచ్చాక తనే తీసెయ్యాలి. పలక మీద ట్యాగ్ ఉందంటే నీళ్ల కింద మనిషి ఉన్నట్టు. నిన్నటి గొడవలో తీసెయ్యడం ఎవరికీ గుర్తులేదు. అందుకని గాలక్క తమ్ముడు నిన్నటినుంచీ నీళ్ల కిందే ఉన్నట్టు లెక్క.

ఓనరు ఎదురొచ్చాడు. ఆయన గొంతు అలాంటిలాంటిది కాదు. గుసగుసలాడితే అవతలి ఒడ్డున పడవలు దారి మార్చుకునేవి.

"చూడండి వదినా, మీరంటే గౌరవం. కానీ ఇందులో కనిపెట్టడానికేం లేదు! ఈవిడ ఇంటికెళ్లే తొందరలో గబగబా వేడి మీద నింపేసింది, చల్లారాక దిగిపోయింది. మా స్టోర్ కీపర్ అప్పుడే చెప్పాడు!"

స్టోర్ కీపర్ వెనకే ఉన్నాడు. బక్కపల్చని మనిషి. నడుముకి ఉన్న తాళాలగుత్తి తీసేస్తే గాలికి ఎగిరిపోతాడని రేవులో ఒక నమ్మకం. అతను అవునన్నట్టు తలూపాడు. గాలక్క వైపు మాత్రం చూడలేదు.

"వేడి మీద నింపితే సిలిండర్ ఎంత కాలుతుందంటారు?" అని వదిన అడిగింది.

"చెయ్యి పెట్టలేనంత," అన్నాడు స్టోర్ కీపర్.

"అరవై డిగ్రీలనుకుందాం. చల్లారి ముప్పైకి వచ్చింది. మరిదీ, రెండిటికీ రెండు వందల డెబ్బై మూడు కలుపు. వేడి బొత్తిగా లేని చోటు సున్నాకి అంత కింద ఉంది, అసలు వేడిని కొలవాల్సింది అక్కడినుంచి."

మరిది కలిపాడు. "మూడు వందల ముప్పై మూడు. మూడు వందల మూడు."

"సుమారు పదో వంతు తగ్గింది. డబ్బా అదే, లోపలి గాలి అంతే ఉన్నప్పుడు ఒత్తిడి కూడా అంతే తగ్గుతుంది. రెండు వందలు కాస్తా నూట ఎనభై రెండో, ఎంతో అవుతుంది. నలభై నిమిషాల గాలి ముప్పై ఆరు నిమిషాలకి రావాలి. ఇరవైకి ఎందుకొచ్చింది?"

ఓనరు అదే లెక్క వేళ్ల మీద మళ్లీ వేసుకోబోయి, వేళ్లు చాలక వదిలేశాడు.

"కారిందేమో," అన్నాడు స్టోర్ కీపర్.

ఓనరే ఆ సిలిండర్ని మళ్లీ నింపి తొట్టిలో ముంచాడు. మరిది పదిహేను నిమిషాలు రెప్పవేయకుండా నీళ్లలోకి చూశాడు. బుడగ రాలేదు. అతని కళ్లలోంచి మాత్రం నీళ్లొచ్చాయి. సిలిండర్ కారలేదని నోటుబుక్కులో రాసుకుని, పక్కన "నేనే కారాను" అని చేర్చాడు.

ఈలోపు వదిన పలక దగ్గరికెళ్లి ట్యాగ్‌ని దారంతో పట్టుకుని వెలుగులో తిప్పి చూసింది. ఇంకుపెన్నుతో రాసిన అంకెలు అలుక్కుపోయి ఉన్నాయి. స్టాండులో మిగిలిన నాలుగు సిలిండర్ల ట్యాగులూ చూసింది. వాటి మీద అంకెలు అచ్చులా ఉన్నాయి. గేజ్ పెట్టించింది. నాలుగూ రెండు వందలే.

"ఈ ట్యాగ్ ఎలా తడిసింది?"

"నీళ్లలో దిగితే తడవదా వదినా!" అన్నాడు ఓనరు.

"దిగేముందే ఇక్కడ తగిలించాడు కదా."

ఆమె ట్యాగ్‌ని గాలక్కకి చూపించింది. నిన్నటినుంచి ఆవిడని షెడ్డులోకి రానివ్వలేదు. అందుకని అది చూడటం ఆవిడకీ ఇదే మొదలు.

"నా రాతే. కానీ... ఏడో నంబరేంటి?" అంది గాలక్క. "తమ్ముడికి పెట్టింది పన్నెండు కదా. ఏడు నేను అన్నిటికంటే ముందు పెట్టాను. స్టోర్ రూము గుమ్మం పక్కన."

పన్నెండో నంబరు సిలిండర్ స్టాండులోనే ఉంది. చివర్నించి రెండో చోట, నిండుగా, ముట్టుకోకుండా ఉంది.

*

తమ్ముడు బయట తిరగేసిన పడవ మీద కూర్చుని ఉన్నాడు. వదిన వెళ్లి పక్కన కూర్చుంది. పడవ మీద మూడోవాడికి చోటు లేక మరిది నిలబడి రాసుకున్నాడు.

"దిగేముందు గేజ్ చూసుకోలేదా బాబూ?"

"అక్క ట్యాగ్ కట్టాక గేజ్ చూడటమంటే..." అతను తల గోక్కున్నాడు. "అన్నం పెట్టాక ఉడికిందా అని అడిగినట్టు ఉంటుంది వదినా."

"ఉడకలేదు కదా మరి."

"అదే కదా! పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా... కింద ఊపిరి ఆడనప్పుడు నాకు చచ్చిపోతానని భయం వేయలేదు. అక్క ఇలా ఎందుకు చేసిందబ్బా అనిపించింది. పైకి వచ్చేదాకా అదే ఆలోచన."

"ఏ సిలిండర్ తీసుకున్నారు?"

"చివరిది. ఎప్పుడూ చివరిదే. అక్క నాది ఆఖర్న నింపుతుంది. అందరికంటే ఎక్కువసేపు తొట్టిలో ఉంచి, చివర పెడుతుంది."

"నంబరు చూశారా?"

"కరెంటు లేదు కదా, షెడ్డంతా చీకటి. చెయ్యి దానంతటదే చివరికి వెళ్తుంది."

"చివరిది మీదని ఎవరెవరికి తెలుసు?"

"అక్కకీ నాకూ. చెప్పుకోవడానికి అదేమన్నా పెద్ద విషయమా?"

కరెంటు నిన్న తెల్లవారుజామున ఐదింటికి పోయి తొమ్మిదింటికి వచ్చింది. గేటు తీసింది ఆరింటికి. అప్పటికి వచ్చింది ఇద్దరే. వాచ్‌మన్ తాత, స్టోర్ కీపర్. తాతకి డెబ్బై ఏళ్లు. కుడికాలికి బూటు, ఎడమకాలికి చెప్పు వేసుకుని గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏంటి తాతా, కాళ్లు గొడవపడ్డాయా?" అన్నాడు మరిది.

"మెట్ల మీద జారాను నాయనా."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున. స్టోర్ బాబు పాపం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. కట్టు కట్టించి ఎనిమిదింపావుకి తీసుకొచ్చాడు."

"మెట్లు ఎక్కడున్నాయి తాతా?" అని వదిన అడిగింది.

తాత చుట్టూ చూశాడు. షెడ్డుకి మెట్లు లేవు. గేటుకీ లేవు. ఆ మాటకొస్తే ఆ వీధి మొత్తానికి మెట్లు ఎక్కడా లేవు. తాతకి సరిగ్గా అప్పుడే దగ్గొచ్చింది.

వదిన ఇంకేమీ అడగలేదు. షెడ్డు లోపలికెళ్లి స్టోర్ రూము గుమ్మం దగ్గర ఆగింది. అక్కడ గుమ్మానికి అడ్డంగా, మనిషి ఒక పక్కగా దూరేంత సందు మాత్రం వదిలి, చెక్క దిమ్మల మీద, పడవ ఇంజిన్ ఒకటుంది. ఎనిమిది వందల కిలోలట. వారం క్రితం క్రేన్‌తో దించారట. ఇంజిన్ చుట్టూ నేల మీద నూనె కారిన మరక ఉంది. మరకకీ ఇంజిన్‌కీ పొంతన లేదు. ఇంజిన్ ఒక జానెడు గోడ వైపుకి జరిగి ఉంది.

"దీన్ని ఎవరు జరిపారు?"

"ఎవరూ ముట్టుకోలేదు మేడం," అన్నాడు స్టోర్ కీపర్. అందరికీ వదిన అయిన ఆమె అతనొక్కడికే మేడం. "మొన్న సాయంత్రం నేను తాళం వేసేటప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. నిన్న కరెంటు వచ్చేసరికే ఈ గొడవ. క్రేన్ ఎవరూ ఆన్ చెయ్యలేదు."

"స్టోర్ రూము తెరుస్తారా?"

లోపల బోల్టులు, తాళ్లు, రంగుడబ్బాలు. అన్నిటి మీదా వేలితో పేరు రాసుకునేంత దుమ్ము. ఒక్క అరలో మాత్రం మడతపెట్టిన నల్లటి రబ్బరు సంచి ఒకటి శుభ్రంగా ఉంది. మునిగిన వస్తువులని పైకి తేల్చడానికి గాలి నింపే సంచి అది. పరిస్తే మంచం వెడల్పు ఉంటుంది. వదిన మడత విప్పింది. సంచి నడిమధ్యన నూనెతో ఒక చతురస్రం అచ్చు పడి ఉంది.

ఆమె మళ్లీ మడతపెట్టి అరలో పెట్టేసింది.

"మరిదీ, మూడు ముప్పావుకి అందరినీ ఇక్కడికి పిలు. అక్కని ముందు పిలు. తమ్ముడు రానంటే, డిటెక్టివ్ గారు గేజ్ చూడటం నేర్పిస్తారట అని చెప్పు. కోపంతోనైనా వస్తాడు."

"వదినా! దొరికాడా?"

"దొరకడానికేముంది, దాక్కుంటే కదా. నీకేమనిపిస్తోంది?"

మరిది నోటుబుక్కు ముందుకీ వెనక్కీ తిప్పాడు. "నాకు ఆ తాత మీద అనుమానంగా ఉంది. లేని మెట్ల మీద జారినవాడు ఏమైనా చేస్తాడు."

"తెలివిమీరిపోతున్నావు," అని మెచ్చుకుంది వదిన. మరిది ఆ రోజంతా ఆ మాట మీదే బతికాడు.

*

మూడు ముప్పావుకి షెడ్డులో ఆరుగురు నిలబడ్డారు. తాతకి మాత్రం స్టూలు వేశారు. ఓనరు జేబులోంచి లెటర్ అంచు కనిపిస్తోంది. గాలక్క కంప్రెసర్ దగ్గర, తమ్ముడు తలుపు దగ్గర నిలబడ్డారు. ఇద్దరి మధ్యా షెడ్డు పొడుగంతా ఉంది.

వదిన స్టాండులోంచి తొమ్మిదో నంబరు సిలిండర్ తెప్పించింది. ఒక కాగితం మీద ఇంకుపెన్నుతో "తొమ్మిది, రెండు వందలు" అని రాసి, గాలక్క ఎలా కడుతుందో అలాగే వాల్వు మెడకి ఆనించి కట్టింది.

"చెవులు మూసుకోండి," అని వాల్వు పూర్తిగా తిప్పేసింది.

రేవులో కాకులన్నీ ఊరు ఖాళీచేసి వెళ్లిపోయే చప్పుడు. రెండు నిమిషాల తర్వాత ఆమె వాల్వు కట్టేసింది. సిలిండర్ మెడ తెల్లబడింది. దాని మీద మంచు పేరుకుని, అందరూ చూస్తుండగానే కరిగి బొట్లు బొట్లుగా దిగింది. కాగితం వెనకనుంచి తడిసి, అంకెలు మెల్లగా అలుక్కుపోయాయి.

తమ్ముడు నాలుగడుగులు దగ్గరికొచ్చాడు.

"గాలిని కుదించాలంటే దాని మీద మనం పని చెయ్యాలి. ఆ పని వేడిగా మారి సిలిండర్‌ని కాలుస్తుంది. అది అక్కకి పద్దెనిమిదేళ్లుగా తెలుసు," అంది వదిన. "ఇది దానికి తిరగేసిన మాట. గాలి బయటికి దూకేటప్పుడు, ఎదురుగా ఉన్నదాన్ని తోసుకుంటూ తనే పని చేస్తుంది. ఆ పనికి శక్తి ఎక్కడినుంచి తెస్తుంది? తన ఒంట్లో వేడిలోంచి. అందుకే చల్లబడుతుంది. రేవు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అది ఆ చల్లటి మెడ మీద చేరింది. ఏడో నంబరు ట్యాగ్ నీళ్లలో తడవలేదు. మనిషి అది కట్టుకుని దిగకముందే, ఎవరో దాని వాల్వు గబగబా తిప్పేశారు."

"గాలి దొంగతనమా!" అన్నాడు ఓనరు. తలుపులు అదిరాయి. "గాలిని ఎవడు దొంగిలిస్తాడు వదినా? బయట ఊరికే దొరుకుతుంది కదా!"

"ఊరికే దొరికే గాలి పని చెయ్యదు. కుదించిన గాలి చేస్తుంది." ఆమె ఇంజిన్ దగ్గరికి నడిచింది. "నిన్న ఈ షెడ్డులో రెండు వింతలు జరిగాయి. ఒకటి, సగం సిలిండర్ గాలి చెప్పకుండా పోయింది. రెండు, ఎనిమిది వందల కిలోల ఇంజిన్ చెప్పకుండా జానెడు జరిగింది. కరెంటు లేదు, క్రేన్ లేదు. ఉన్నది ఇద్దరు మనుషులు. మా కాలేజీలో ఆడపిల్లలకి మొదటి రోజే చెప్పేదాన్ని. పని జరిగిందంటే ఎక్కడో శక్తి తరిగినట్టే. శక్తి తరిగిందంటే అది ఇంకెక్కడో తేలాల్సిందే. ఇక్కడ జరిగిన పనికి మనిషి దొరకలేదు, అక్కడ తరిగిన శక్తికి చోటు దొరకలేదు. రెండిటినీ కలిపాను."

మరిది స్టోర్ రూములోంచి రబ్బరు సంచి తెచ్చి నేల మీద పరిచాడు. నూనె అచ్చు ఇంజిన్ అడుగుతో సరిగ్గా సరిపోయింది.

"ఇంత వెడల్పు సంచికి ఇంజిన్ని లేపడానికి పెద్ద ఒత్తిడేం అక్కర్లేదు. సైకిల్ ట్యూబులో ఉండేదాంట్లో పిసరంత చాలు. ఎనిమిది వందల కిలోలని మోకాలెత్తు లేపడమంటే, బాగా తిని ఉన్న నా మరిది ఒక అంతస్తు పైకి ఎక్కడమంత. అంతే పని."

"అంతేనా?" అన్నాడు మరిది. మెట్లెక్కిన ప్రతిసారీ తను ఒక ఇంజిన్ని లేపుతున్నాడని అతనికి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

"సంచి నిండటానికి ఐదు వందల లీటర్ల మామూలు గాలి కావాలి. సిలిండర్ పది లీటర్లది, ఒత్తిడి మామూలు గాలికి రెండు వందల రెట్లు. అంటే దాంట్లో రెండు వేల లీటర్లు. తమ్ముడికి మిగిలింది వెయ్యి. పోయింది వెయ్యి. ఐదు వందలు కాదు." ఆమె ఆగింది. "సంచి రెండుసార్లు నిండింది. ఒకసారి ఎందుకు నింపారో నాకు అర్థమైంది. గుమ్మానికి అడ్డం తియ్యడానికి. రెండోసారి ఎందుకు నింపారో మాత్రం, తాతా, నీ ఎడమకాలు చూశాక అర్థమైంది."

స్టోర్ కీపర్ తాళాలగుత్తి గట్టిగా పట్టుకున్నాడు. అయినా అవి చప్పుడు చేశాయి.

"చాలమ్మా," అన్నాడు తాత. "నేను చెప్తాను."

"వద్దు తాతా," అన్నాడు స్టోర్ కీపర్. "నేనే చెప్తా."

అతను ఇంజిన్ వైపు చూస్తూ చెప్పాడు. వారంగా ఇంజిన్ గుమ్మానికి అడ్డం. వారంగా ఓనరు గొంతు అతని చెవిలో. నిన్న పొద్దున క్రేన్ లేకపోయినా తనే జరిపేసి, ఓనరు వచ్చేసరికి శభాష్ అనిపించుకుందామనుకున్నాడు. గుమ్మం పక్కనే ఉన్న ఏడో నంబరు తీసి సంచిలోకి గాలి పెట్టాడు. ఇంజిన్ లేచింది. తాత కిందకి ట్రాలీ తోశాడు. సంచిలో గాలి వదిలేసరికి ట్రాలీ చక్రం పక్కకి పోయి, ఇంజిన్ వాలి తాత కాలి మీదకి వచ్చింది.

"దిమ్మకీ ఇంజిన్‌కీ మధ్య బూటు ఇరుక్కుపోయింది. మెల్లమెల్లగా నొక్కుతోంది. తాత అరవలేదు కూడా. నన్నే చూస్తున్నాడు. మళ్లీ సంచి తోసి వాల్వు మొత్తం తిప్పేశాను. కాలు బయటికొచ్చింది. తాతని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. సిలిండర్ మళ్లీ నింపుదామంటే కరెంటు లేదు, నాకు నింపడమూ రాదు. ముందు పెడితే ఎవరైనా తీసేసుకుంటారని, మిగతావన్నీ ముందుకి జరిపి, దాన్ని చివర పెట్టాను. చివరిది ఎవరూ ముట్టుకోరు అనుకున్నా."

గాలక్క నోటి మీద చెయ్యి వేసుకుంది. తమ్ముడు తలుపులోంచి, పడవలేమీ లేని నీళ్ల వైపు చూశాడు.

"తిరిగొచ్చేసరికి అతను నీళ్లలో ఉన్నాడు. పలక మీద ఏడు ఉంది. పరిగెత్తాను, అప్పటికే పైకి లాగుతున్నారు. బతికాడు కదా అనుకున్నా. చెబితే ఉద్యోగం పోతుంది. తర్వాత అందరూ గాలక్కని అంటుంటే... వేడి మీద నింపిందేమో అన్నాను." అతను మొదటిసారి గాలక్క వైపు తిరిగాడు. "అదొక్కటీ అనకుండా ఉండాల్సింది."

"అదొక్కటే అనకూడనిది," అంది వదిన. "మిగిలిందంతా తొందరపాటు. అది మాత్రం తప్పు."

ఓనరు జేబులోంచి లెటర్ తీసి చింపాడు. స్టోర్ కీపర్ వైపు తిరిగి ఊపిరి బిగించాడు. అందరూ చెవుల మీదికి చేతులు తీసుకెళ్లారు. కానీ వచ్చింది చిన్న గొంతు. "ఇంజిన్ తియ్యమని వారంగా అరిచింది నేనే కదరా," అన్నాడు ఆయన. అంత చిన్న గొంతు ఆయనకి ఉందని ఆయన భార్యకి కూడా తెలిసుండదు.

తాత లేవబోయాడు. మరిది భుజం పట్టుకున్నాడు. తాత బూటు, చెప్పు ఈడ్చుకుంటూ షెడ్డు పొడుగంతా నడిచి గాలక్క ముందు ఆగాడు.

"అమ్మా, నిన్న పొద్దున నా కాలు లేపింది ఈ అబ్బాయి కాదు. నువ్వు మొన్న సాయంత్రం నింపి పెట్టిన గాలి. నువ్వు నిజంగానే సగం నింపి ఉంటే నా కాలికే అంతా అయిపోయేది, మీవాడికి ప్రాణం మిగిలేది కాదు. ఒక్క సిలిండర్ ఇద్దరికీ సరిపోయింది. అంత నిండుగా నింపావు." తాత చేతులు జోడించాడు. "డెబ్బై ఏళ్లుగా గాలి పీలుస్తున్నా. ఎప్పుడూ ఎవరికీ థాంక్స్ చెప్పలేదు. ఎవరికి చెప్పాలో ఇన్నాళ్లకి తెలిసింది."

గాలక్క ఆ చేతులు పట్టుకుని దించేసింది. "కాలు నేల మీద ఆనించకు తాతా, కూర్చో ముందు," అంది. ఆవిడ కళ్లు తుడుచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు. స్టోర్ కీపర్ స్టూలు తెచ్చి వేశాడు. అతన్ని చూసి ఆవిడ, "తాత కాలు బయటికి తీశావు. దానికి సంతోషం. మిగతాది నేనింకా మర్చిపోలేదు, కొన్నాళ్లు పడుతుంది," అంది. అతను తలూపాడు.

వదిన అప్పటికే మరిది చెయ్యి పట్టుకుని తలుపు వైపు నడుస్తోంది. గుమ్మం దగ్గర తమ్ముడు ఆమెకి అడ్డంగా నిలబడి దణ్ణం పెట్టాడు. ఆమె అతన్ని రెండు భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పింది. "నాకు కాదు. అటు."

అతను కంప్రెసర్ దగ్గరిదాకా వెళ్లాడు. అక్క ముందు నిలబడ్డాడు.

"అక్కా, నేను... నిన్ను..."

అతని ఛాతీ పైకీ కిందికీ కొట్టుకుంటోంది.

"ముందు ఊపిరి తీసుకోరా," అంది గాలక్క.

అతను తీసుకున్నాడు. నిండుగా, నెమ్మదిగా, చివరిదాకా తీసుకున్నాడు. వాడు దాన్ని వదిలేదాకా ఆవిడ పక్కకి చూడకుండా నిలబడింది.